పరీక్ష యను మూస

మాటలకును మనుష్యులకును ఒక పోలిక గలదు. ఇరువురికిని పుట్టిన యూరొకటి, బ్రదుకుతెరువునకై చేరిన యూరొకటి యుండును. చేరిన యూరిలో చిరకాలము నిలిచిన పిమ్మట పుట్టిన యూరిని మరచుట సహజము. అయినను ఒంటిమీది పుట్టుమచ్చ మాత్రము పోదు. ఇంగ్లీషునుండి వచ్చి మన యిండ్లలో తిష్ఠవేసిన ‘టెస్టు’ అను మాట యట్టిది. తిరుపతిలోనేమి, చిత్తూరులోనేమి, పలమనేరులోనేమి, ‘రేపు పిల్లవానికి టెస్టున్నది’ అనని తల్లి నేడు లేదు. ఆ మాట వినబడగానే ఇంటిలో నవ్వు తగ్గును. చుట్టములు రావలదని కబురు పోవును. దేవుని గూటిలో దీపము ఒకటి యెక్కువగా వెలుగును. ఇంత యధికారము చెలాయించు మాట యెచ్చటనుండి వచ్చినదో, ఏ పనికై పుట్టినదో విచారించుట వృథాశ్రమ కాదని మా తలంపు. దానితోకూడ వచ్చిన ‘ఎగ్జామినేషను’, ‘క్విజ్జు’ అను మాటలను, మన స్వంతమైన ‘పరీక్ష’ను సరసన నిలిపి చూచినచో భాషావినోదము కలుగుటయే గాక ఒక ధర్మప్రశ్న మనయెదుట నిలుచును. ఒకని యోగ్యతను మరియొకడు తేల్చు అధికారము ఎట్టిది? దానికి హద్దేది?

‘టెస్టు’ అనగా మొదట మట్టిపాత్ర. లాటిను భాషలో ‘టెస్టుమ్’ అను మాటకు కాల్చిన మంటికుండ యని యర్థము. అది ప్రాచీన ఫ్రెంచి భాష ద్వారా 14వ శతాబ్దమున ఇంగ్లీషులో ప్రవేశించినది. అప్పటికి దానికి బడితోగాని పుస్తకముతోగాని సంబంధము లేదు. వెండి బంగారములను శోధించువారి కొలిమిలో నుండు లోతు తక్కువ పాత్రకు అది పేరు. 16వ శతాబ్దాంతమునకు పాత్ర పేరు పాత్రలో జరుగు పనికి సంక్రమించి, పిమ్మట దేని నిగ్గునైనను తేల్చుటకు సామాన్యనామమైనది. బడిపిల్లల చెంతకు వచ్చుట చాల తరువాతి కథ.

ఆ పాత్రలో జరుగు పని యెట్టిదో తెలిసినగాని మాటలోని సారము తెలియదు. బంగారము కలిసిన లోహమును సీసముతో జోడించి, ఎముకల బూడిదతో చేసిన పాత్రలో నుంచి, గాలి తగులునట్లు తీవ్రముగా కాల్చుదురు. సీసము ప్రాణవాయువుతో కలిసి భస్మమగును. అది రాగి మొదలగు హీనలోహములను తనతో తీసికొని పాత్ర యొడలిలో ఇంకిపోవును. తుదకు వెండి బంగారముల చిన్నపూస యొకటి తళుక్కుమని మెరసి పాత్ర నడుమ మిగులును. దానిలోని వెండిని ద్రావకముతో వేరుచేసినచో మేలిమి యెంతయో తేలును.

మా సీమకు ఈ విద్య దూరపుది కాదు. కుప్పమునకు చేరువనున్న కోలారు బంగారుగనులు 1880లో ఇంగ్లీషు కంపెనీ చేతిలో నూతనరూపము దాల్చి, 2001లో మూతపడువరకును ఎన్నో తెలుగు కుటుంబములకు అన్నము పెట్టినవి. చిత్తూరుజిల్లా సరిహద్దులోని చిగురుగుంట, బిసానత్తము గనులు ఆ బంగారు పొరకే చుట్టములు. గనులు చూడనివారును తమ వీధిలోని కంసాలిని చూచియేయుందురు. ఉమ్మికుంపటి, ఊదుగొట్టము, చిన్న మూస, గీటురాయి: ఇంతే అతని సామగ్రి. ఇంగ్లీషువాని ‘టెస్టు’నకు మన తెలుగింటి పేరు మూస యని చెప్పినచో తప్పు లేదు.

ఈ మంటికుండకు నాలుగు ధర్మములు గలవు. మొదటిది, అది బంగారమును చేయదు, ఉన్నదానిని చూపును. రెండవది, మంట కల్మషము పోవుటకే గాని బంగారము పోవుటకు కాదు. కాల్చిన పిమ్మట బంగారము తరిగినచో తప్పు బంగారముది కాదు, కాల్చినవానిది. మూడవది, వేరైన కల్మషమును పాత్ర తానే పీల్చుకొనును. పూస నిర్మలముగా మిగులుటకై పాత్ర నల్లబడును. నాలుగవది, పాత్రయే మొదట నిర్దుష్టమై యుండవలెను. అందువలననే శోధకులు తాము పరీక్షించు లోహముతోపాటు, మేలిమి యెంతయో ముందుగానే తెలిసిన బంగారమును మరియొక పాత్రలో నుంచి అదే మంటలో కాల్చుదురు. తెలిసినదాని లెక్క తప్పినచో తెలియనిదాని లెక్కను నమ్మరు. అనగా వారు లోహమును శోధించునపుడెల్ల తమ్మును తాము శోధించుకొందురు.

ఇక తెలుగు ‘మూస’లోని చిత్రమును గమనింపవలెను. మనభాషలో మూస యనగా లోహమును కరగించి శోధించు పాత్ర. మూస యనగానే కరగిన లోహమును పోసి ఒకే రూపమున పెక్కు వస్తువులను తీయు అచ్చు. ‘మూస కథలు’, ‘మూసలో పోసిన మనుష్యులు’ అని మనము నిందగా ననునది ఈ రెండవ యర్థమునందే. ఒకటి లోపలనున్న నిజమును బయటికి తెచ్చును; మరియొకటి బయటి రూపమును లోపలి లోహముపై రుద్దును. మొదటిదానికి బంగారమన్న గౌరవము. రెండవదానికి ఇత్తడియైనను చాలును, పల్లములన్నియు నిండినచో చాలును. మా వాదమంతయు ఈ రెండర్థముల నడుమనే యున్నది. పరీక్ష మొదటి మూసగా పుట్టినది; ఏమరుపాటున రెండవ మూసగా మారిపోయినది.

ఈ మార్పు మన దేశముననే జరిగినదని యెంచరాదు. ఇంగ్లండులో 1673లో ‘టెస్టు చట్టము’ అను పేరనే ఒక శాసనము పుట్టినది. ప్రభుత్వోద్యోగము చేయగోరువాడు రాజ్యము మెచ్చిన మతాచారము తనదేయని ప్రమాణము చేయవలెననుట దాని సారము. ఉద్యోగి సమర్థుడా, నీతిమంతుడా యని ఆ టెస్టు అడుగలేదు. మావంటివాడవా యని మాత్రమే యడిగినది. కథోలికులును ఇతర శాఖలవారును గడప యవతల నిలువవలసివచ్చినది. 1828లో ఆ నిర్బంధము తొలగువరకు, నూటయేబదియేండ్లకు పైగా, మంటికుండ పేరు పెట్టుకొని అచ్చు రాజ్యమేలినది.

‘ఎగ్జామినేషను’ పుట్టుక మరియొక తీరుది. లాటినులోని ‘ఎగ్జామెన్’ అనునది త్రాసుముల్లు. రెండు తట్టల నడుమ నిలిచి, ఏ ప్రక్కకు బరువో చూపు నాలుక. ముల్లునకు స్వంతమైన బరువు లేదు, స్వపక్షము లేదు. అది వణకవచ్చును గాని అబద్ధమాడరాదు. ఈ మాటను తలచినపుడు తిరుమలకు పోయినవారికెల్ల తులాభారము జ్ఞప్తికి వచ్చును. తల్లిదండ్రులు బిడ్డను ఒక తట్టలో కూర్చుండబెట్టి, రెండవ తట్టలో మ్రొక్కుకొన్న నాణెములనో, బెల్లమునో, చక్కెరనో పోయుదురు. అచ్చట కొలువబడునది బిడ్డ కాదు, బెల్లము. బిడ్డయే తూకపురాయి. ముల్లు నిలిచినదాక పోయవలసినది పెద్దలు. తక్కువైనచో ఆ లోటు బెల్లమునకే గాని బిడ్డకు అంటదు. మన బడిలోని త్రాసు దీనికి తలక్రిందు. అచ్చట మార్కులు తూకపురాయి, బిడ్డ సరకు. తక్కువైనచో బిడ్డయే తక్కువ. కొండమీద ఒకలాగునను కొండదిగువ మరియొకలాగునను బిడ్డను తూచుట మనకు వింతగా తోచకుండుటయే వింత.

మూడవ మాటయగు ‘క్విజ్జు’నకు కులగోత్రములు సరిగా తెలియవు. డబ్లిను నగరమున డేలీ యను నాటకశాలాధిపతి, అర్థములేని మాట నొకదానిని ఒక్కనాటిలో ఊరందరి నోట పలికింతునని పందెము వేసి, గోడలపై దీనిని వ్రాయించెనని ఒక కథ గలదు. ఆ కథ 1791 ప్రాంతమున జరిగినట్లు చెప్పుదురు. కాని 1782 నాటి వ్రాతలోనే ఈ మాట కానవచ్చుచున్నది కనుక కథ కట్టుకథయే. అప్పుడు దాని యర్థము ‘వింతమనిషి’. పిమ్మట వింతమనిషిని ఎగతాళి చేయుటకు పేరైనది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికాదేశమున ఉపాధ్యాయుడు విద్యార్థిని ప్రశ్నించుటకు పేరైనది. ఎగతాళినుండి ప్రశ్నకు నడచిన యీ మాట తన పాతబుద్ధిని పూర్తిగా విడువలేదు. తెలియనివానిని పదుగురిలో నిలువబెట్టి నవ్వుట తరగతిగదిలో నేటికిని గలదు. ఒకసారి అట్లు నవ్వబడిన బాలుడు తెలిసిన జవాబును సైతము మరి నోరువిప్పి చెప్పడు.

పరిహాసము పరీక్షలో నుండనేకూడదని కాదు. మన అష్టావధానమును చూడుడు. ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును కూర్చుండి ప్రశ్నింతురు. అందొకడు అప్రస్తుతప్రసంగి, అవధాని యేకాగ్రతను చెదరగొట్టుటకై హాస్యమాడుట వాని విధి. కాని అచ్చట నవ్వు ఇరువైపుల సాగును. అవధాని చమత్కారముగా బదులిచ్చి పృచ్ఛకునే నవ్వులపాలు చేయవచ్చును. సమస్యనిచ్చిన పృచ్ఛకునికి ఛందస్సు తెలిసియుండవలెను. ప్రశ్న పేలవమైనచో సభ పృచ్ఛకునే తక్కువగా నెంచును. నలువురి యెదుట అడుగువాడును పరీక్షకు నిలుచుచున్నాడు. మంటికుండ నాలుగవ ధర్మము మన సాహిత్యసభలో ఇట్లు వెలయుచున్నది. పాఠశాలలోని ప్రశ్నపత్రమునకు ఈ భయము లేదు. ప్రశ్న తప్పైనను దానిముందు కూర్చున్న బాలునికే చెమట పట్టును.

ఇక మన ‘పరీక్ష’. ‘పరి’ యనగా చుట్టును; ‘ఈక్ష’ యనగా చూపు. చుట్టును తిరిగి చూచుటయే పరీక్ష. ఒక్క ప్రక్కనుండి ఒక్క క్షణము చూచుట పరీక్ష కానేరదని మాటయే చెప్పుచున్నది. భాగవతము విన్న ప్రతి యింటిలోను పరీక్షిన్మహారాజు పేరు తెలియును. తల్లిగర్భమున అస్త్రాగ్నిలో మ్రగ్గునప్పుడు తన్ను కాచిన దివ్యపురుషుని చూచి, పుట్టిన పిమ్మట ఆ మూర్తి వీరియందున్నదా, వారియందున్నదా యని కనబడిన ప్రతిమనుష్యుని పరికించి చూచెను గనుక అతనికా పేరు వచ్చినదని భాగవతము చెప్పును. వంశము పరిక్షీణమైనపుడు పుట్టెను గనుక ఆ పేరని భారతము చెప్పు కారణము వేరు. మొదటి కారణమునందు మాకు మిక్కిలి మక్కువ. ఏలయన, ఆ రాజు మనుష్యులలో వెదకినది లోపమును కాదు. తనకు ప్రాణము పోసిన వెలుగును. పరీక్షించువాడు ఎదుటివానిలో మేలున్నదన్న నమ్మకముతో బయలుదేరుట ఆ కథలోని రహస్యము.

చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారు ఈ చుట్టుచూపునకు మంచి నిదర్శనము. వారి ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో వెలువడినది. కవిని అలంకారములు లెక్కించి, వర్ణనల జాబితా చూచి యోగ్యుడనుట చెల్లదనియు, కథాసంవిధానము, పాత్రల స్వభావము, భావనాశక్తి చూడవలెననియు పింగళి సూరన కావ్యములను చేతబట్టి వారు వాదించిరి. ఆ వాదములో అందరికిని సమ్మతి కుదరలేదు. కుదరవలసిన పనియు లేదు. గమనింపవలసినది గ్రంథము పేరు. ‘విచారము’ అను మాటకు సంస్కృతమున పరిశీలనమని యర్థము. తెలుగువాని నోట అదియే దుఃఖమైనది. పరిశీలించువానికి కొంత దుఃఖము తప్పదని మన పూర్వులు ఎరిగియే ఈ యర్థమును కల్పించిరో యేమో! ఒకనిని తక్కువవాడని తేల్చవలసివచ్చినపుడు తేల్చువాని మనస్సు నొవ్వనిచో, అది విచారమునుకాదు, పరీక్షయునుకాదు, లెక్కవ్రాత మాత్రమే.

అట్టి లెక్కవ్రాత మనకెట్లు దాపరించినది? 1857లో చెన్నపట్టణమున విశ్వవిద్యాలయము వెలసినపుడు, లండను మాదిరిని అనుసరించి, అది ముఖ్యముగా పరీక్షలు జరుపు సంస్థగానే వెలసినది. చదువు చెప్పుట కళాశాలల వంతు. ముద్ర వేయుట విశ్వవిద్యాలయము వంతు. బోధించినవాడు ఒకడు, తూచినవాడు మరియొకడు. తూచువానికి బాలుని ముఖము తెలియదు. సంఖ్య మాత్రము తెలియును. ఈ పద్ధతిలో ఒక మేలు లేకపోలేదు. దానిని తరువాత చెప్పెదము. కాని క్రమముగా చదువు పరీక్షకొరకైనది. ‘తప్పిన బి.ఏ.’ యని తప్పుటను సైతము బిరుదుగా చెప్పుకొను కాలమొకటి మన తాతల నాట నడచినది. అది నవ్వులాటగా కనబడినను, దాని వెనుకనున్న సంగతి నవ్వదగినది కాదు. మనిషికి పేరుకంటె ముద్ర ముఖ్యమైనదన్నమాట.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఈ ముద్ర పడని మనుష్యులలో నొకడు. దివ్యజ్ఞానసమాజమువారు ఆయనను ఇంగ్లండునకు కొనిపోయి చదివించిరి. లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలలో ఆయన కృతార్థుడు కాలేదు. ఆ పరీక్ష అడిగినదానికి ఆయనవద్ద జవాబు లేకపోవచ్చును. ఆయనవద్దనున్నదానిని ఆ పరీక్ష అడుగలేదు. తరువాతి యరువదియేండ్లు లోకమున నానాదేశముల విద్యావంతులు ఆయన మాట వినుటకై గుమిగూడిరి. దీనినిబట్టి తప్పినవారందరును మహాత్ములని చెప్పుట మా యుద్దేశము కాదు. తప్పుటయను ఒక్క సంగతివలన మనిషిని గూర్చి ఎంత తక్కువ తెలియునో చెప్పుటకే ఈ యుదాహరణము.

ఆయన పేరు ప్రపంచమునకు తెలిసినది గనుక ఓడిపోలేదు. పేరు తెలియని పిల్లల సంగతి యేమి? 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిమ్మట కొద్దిదినములలో సుమారు ఇరువదిమంది బాలబాలికలు ప్రాణములు తీసికొనిరి. ఫలితములలో తప్పులు దొర్లినట్లు ప్రభుత్వము నియమించిన సంఘమే పిమ్మట చెప్పినది. తెలుగు పరీక్షలో సున్న వచ్చినట్లు ప్రకటింపబడిన ఒక బాలికకు, పత్రము మరల చూచినపుడు, 99 మార్కులు తేలినవి. తప్పినవారందరి పత్రములను తిరిగి పరిశీలింపగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైరి. ఇది మూసకు పడిన బీట. పాత్రను ముందు శోధింపక లోహమును కొలిమిలో పెట్టిన ఫలము. బంగారము శోధించువాడు తెలిసిన బంగారముతో తన పాత్రను సరిచూచుకొనును; లక్షల బిడ్డల బ్రదుకులు తూచువారు ఆపాటి జాగ్రత్త యెందుకు పడరు? లోహము పోయినచో మరల త్రవ్వుకొనవచ్చును. గనిలేని లోహము బిడ్డ.

ఇంకొక మాట చెప్పక తీరదు. పాత్ర నిర్దుష్టమై, ఆ పిల్లలందరును నిజముగానే తప్పియుండినను, ఆ మరణములకు న్యాయము కలుగునా? మంట బంగారమును తినరాదన్నది రెండవ ధర్మము. ఏ పరీక్షయైనను దానికి లోనైనవానిని మ్రింగివేసినచో, అది కొలతలో ఎంత సరియైనదైనను ధర్మములో తప్పినదే.

ఇచ్చట మా వాదమునకు ఒక గట్టి యాక్షేపణ గలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. ‘పరీక్షలను దూషించుట సులభము, అవి లేనినాడు ఏమి జరిగెను? ఉద్యోగము తండ్రినుండి కొడుకునకు, చుట్టమునుండి చుట్టమునకు సంక్రమింపలేదా? సిఫారసు ఉత్తరము లేని పేదవానికి, కులము లేనివాడని త్రోయబడినవానికి, గడప దాటరాదనబడిన ఆడపిల్లకు తలుపు తెరచినది ఆ ముఖమెరుగని, సంఖ్య మాత్రమెరిగిన పరీక్షయే కదా?’ అని సంస్కారప్రియులే అడుగుదురు. ఈ మాట నిజము. త్రాసుముల్లునకు కులము తెలియకుండుట గొప్ప మేలు. అందువలననే పరీక్షను కొట్టివేయవలెనని మేము చెప్పము. నూటికి నూరుపాళ్లు కొట్టివేసినచో మరునాడే ఆ యాసనమున సిఫారసు వచ్చి కూర్చుండును.

కాని ముల్లు నిష్పక్షపాతమైనంత మాత్రమున తట్టలు సమములు కావు. ఒక బిడ్డవెనుక లక్షల రూపాయల శిక్షణాలయమున్నది. మరియొక బిడ్డవెనుక వేరుసెనగ చేనులో కలుపుతీయు తల్లి యున్నది. ఇద్దరికిని ఒకే గంటలో ఒకే ప్రశ్నపత్రమిచ్చి, వచ్చిన తేడా యంతయు బుద్ధిలోని తేడాయే యనుట, తట్టక్రింద అంటించిన చింతపండును చూడక తూకము మెచ్చుకొనుటవంటిది. పైగా ప్రశ్నపత్రములే అంగడిసరకైన దినములివి. పరీక్షలలోని అక్రమములను శిక్షించుటకై 2024లో కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలసివచ్చినది. ముల్లును కాచుటకు కావలివాడు వలసివచ్చినపుడు ముల్లువిలువ యెంత పెరిగినదో, సరకువిలువ యెంత తరిగినదో ఊహించుకొనవచ్చును.

అట్లయిన మేలైన పరీక్ష ఎట్లుండవలెను? వెదకుటకు దూరము పోనక్కరలేదు. మదనపల్లె సమీపమున కృష్ణమూర్తి యూహనుండి 1926లో అంకురించిన రిషీవ్యాలీ పాఠశాల గలదు. ఒక బిడ్డను మరియొక బిడ్డతో పోల్చుట రెండు బిడ్డలకును హింసయేయని ఆయన పలుమారు బోధించెను. అయినను అచ్చటి పిల్లలును పదవ తరగతిలోను పండ్రెండవ తరగతిలోను బయటి మండలి పెట్టు పరీక్షలకు కూర్చుండుచునే యున్నారు. లోకమును పూర్తిగా తప్పించుకొను బడి లేదు. మాకు అంతకంటె ముఖ్యముగా తోచునది, ఆ పాఠశాలవారు చుట్టుప్రక్కల పల్లెలకై 1980ల చివరినుండి నడపిన చిన్నబడుల పద్ధతి.

ఆ చిన్నబడులలో వేర్వేరు వయస్సుల పిల్లలు ఒకే గదిలో కూర్చుందురు. గోడకు ఒక నిచ్చెన బొమ్మ, దానికి మెట్లు. ప్రతిమెట్టుకు కొన్ని చీటీలు. మొదటి చీటీ విషయమును పరిచయము చేయును. రెండవది అభ్యాసము చేయించును. పిమ్మట వచ్చునది పరీక్ష. బిడ్డకు వచ్చినచో పైమెట్టు; రానిచో ఆ లోటు తీర్చు చీటీ వేరుగా నున్నది. అది చేసి మరల వచ్చును. ఎవరి నిచ్చెన వారిది. ఎవరి వేగము వారిది. అచ్చట ‘తప్పుట’ యను మాటకు తావు లేదు. ‘ఇంకను కాలేదు’ అనుటకే తావు. ఈ పద్ధతిని చూచి పోయినవారు తమిళనాడు ప్రభుత్వపాఠశాలలలో 2003 తరువాత దానికి తమదైన రూపమిచ్చి వేలకొలది బడులలో నాటిరి. ఇది మంటికుండ ధర్మమునకు సరిపోవు పరీక్ష. ఇందు శోధన గలదు, అచ్చు లేదు. బిడ్డకు రానిది తేలినపుడు దాని భారము చీటీమీద, పంతులుమీద పడుచున్నది. కల్మషమును పాత్ర పీల్చుకొనుచున్నది.

పై తరగతులకు, ఉద్యోగములకు ఈ నిచ్చెన యథాతథముగా చెల్లదని మేమెరుగుదుము. వైద్యునికి నరములెచ్చటనున్నవో ‘ఇంకను తెలియలేదు’ అన్నచో రోగి ఊరుకొనడు. కాని అచ్చటను ఒక నియమమును నిలుపవచ్చును. పరీక్ష తేల్చునది ఈ పనికి ఈనాడు ఇతడు సిద్ధముగా నున్నాడా యనునది మాత్రమే. ఇతడెట్టి మనుష్యుడనునది కాదు. మొదటి ప్రశ్నకు మూడుగంటలు చాలవచ్చును. రెండవ ప్రశ్నకు ఒక జీవితము చాలదు.

ఈ నియమమును ప్రభుత్వములు పాటించునో లేదో మనము నిర్బంధింపజాలము. మన గడపలోపల పాటింపవచ్చును గదా. మన యిండ్లలోనే జరుగు ఒక పరీక్షను తలచుకొందము: పెండ్లిచూపులు. పేరులోనే చూపున్నది, కాని అది చుట్టుచూపు కాదు. ఒక వైపువారు కూర్చుండి చూతురు. మరియొక వైపు పిల్ల నిలిచి చూడబడును. పాడుమందురు, నడువుమందురు, జీతమెంతయందురు, వంట వచ్చునా యందురు. వరుని అలవాట్లను గూర్చి ఆమె అడుగబోయినచో గడుసుదని పేరు. సీతాదేవి అగ్నిప్రవేశకథను విన్నపుడు కన్నీరు పెట్టుకొను పెద్దలే, కాఫీగిన్నెల పళ్లెము చేతికిచ్చి కూతురిని హాలులోనికి పంపునపుడు నిశ్చింతగా నుందురు. పరీక్షింపబడనివానికి పరీక్షించు అధికారము లేదన్న సూత్రమును ఈ యొక్కచోట అమలుపెట్టినను మన సంఘము కొంత తేరుకొనును.

బడినుండి వచ్చిన బిడ్డను మనము మొదట అడుగు ప్రశ్నను గూర్చియు ఒక్కమాట. ‘ఎన్ని వచ్చినవి?’ యని అడుగుదుము. వెంటనే ‘ప్రక్కింటి పిల్లకెన్ని?’ యందుము. మొదటి ప్రశ్న లెక్కవ్రాత, రెండవది అచ్చు. ‘ఈనాడు నీకు కొత్తగా ఏమి తెలిసినది? ఏది తెలియక చిక్కుపడితివి?’ యని అడిగినచో అది పరీక్ష. చుట్టును తిరిగి చూచుట. ఇట్లడుగుటకు తల్లిదండ్రులకు కొంత తెలివియు, మరికొంత తీరికయు కావలెను. జవాబు వినునపుడు తమకు తెలియనిది బయటపడునేమో యను జంకు విడువవలెను. బిడ్డయడిగిన ఎదురుప్రశ్నకు ‘నాకును తెలియదు, కలిసి చూతము’ అనగల తండ్రి ఆ క్షణమున తానును నిచ్చెన యెక్కుచున్నాడు.

మాటల పుట్టుక మనకు ఆజ్ఞలీయదు. టెస్టు ఒకప్పుడు మంటికుండయైనంత మాత్రమున నేడును అట్లే యుండవలెనని శాసనము లేదు. కాని ఒక పనికి పేరుపెట్టిన మొదటివారు ఆ పనిలో దేనిని గౌరవించిరో పేరు చెప్పును. మంటికుండకు పేరుపెట్టినవాడు బంగారమును గౌరవించెను. త్రాసుముల్లుకు పేరుపెట్టినవాడు సమత్వమును గౌరవించెను. మన పూర్వులు చుట్టుచూపును గౌరవించిరి. ఈ మూడు గౌరవములును గల పరీక్షను మేము వ్యతిరేకింపము. అట్టిది ఎంత కఠినమైనను బిడ్డకు మేలే చేయును. ఈ మూడింటిలో ఒక్కటియు లేనిదానిని పరీక్ష యని పిలుచుట మాటకు అన్యాయము, బిడ్డకు అంతకు మించిన యన్యాయము. రానున్న వేసవిలో ఫలితములు వెలువడునాడు, చదువరులు బిడ్డ చేతిలోని కాగితమును చూచుటకు ముందు బిడ్డ ముఖమును ఒక్కసారి చూతురుగాక.